పచ్చగా చూపించిన పరీక్ష

తాంపెరే, ఫిబ్రవరి 3

ప్రియమైన కెర్త్తు అక్కకి,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నేను సగమే మాట్లాడాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు.

గడ్డకట్టిన సరస్సు మీది ఐసు రోడ్డు పగిలి రైమో గారి ట్రాక్టరు మునిగి, ఆయన ఆసుపత్రి పాలయ్యారంటే, తప్పంతా ఐసు ఎంత బరువు మోస్తుందో నువ్వు వేసిన లెక్కదే అనుకుంటున్నావు. కాదక్కా. నువ్వు లెక్కల ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ని తీరిక వేళల్లో తయారుచేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని కదా. అందులో అన్నీ సరిగా అమరాయా లేదా అని చూసే ‘ఆరోగ్య పరీక్ష’ నా బాధ్యత. నువ్వు ఐసు లెక్క కోసం కొత్త లైబ్రరీలతో, అంటే సిద్ధంగా దొరికే లెక్క సూత్రాల కట్టలతో, పైథాన్ భాషకి విడిగా ఒక గదిలాంటి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టుకున్నావు. పరీక్ష దాని పేరు మాత్రం చూసి, పచ్చరంగులో ‘అంతా బాగుంది’ అంది. నిజానికి నీ లెక్క నడిచింది ఆ గది బయట కంప్యూటర్‌లో ఉన్న పాత పైథాన్‌తో. పైన పడ్డ మంచు తడిసి గడ్డకట్టిన తెల్ల ఐసుకు సగం బలమే ఉంటుందని దాని లైబ్రరీకి తెలియదు. నువ్వు పంపిన ఫలితం చూడగానే నాకది అర్థమైంది.

నిరుటి వరకూ ఆ పరీక్ష, నడుస్తున్న పైథాన్‌నే ‘నువ్వెక్కడున్నావ్?’ అని అడిగేది. తేడా వస్తే హెచ్చరించేది. ఒక్కోసారి ఉత్తపుణ్యాన అరిచేది కూడా. "ఊరికే బెదరగొడుతోంది, తీసెయ్ తల్లీ" అని జనం నా ప్రాణం తీశారు. బాగుచెయ్యడానికి బద్ధకించి ఆ ప్రశ్ననే పీకేశాను. ఇవాళ తిరిగి పెట్టాను. ఉత్తినే అరవకుండా సరిచెయ్యడానికి పట్టింది రెండు గంటలు.

పన్నెండున విచారణలో నీ ఉద్యోగం పోతుందేమోనని భయం. ఇది చదివాక నువ్వు నాతో మాట్లాడవేమోనని అంతకంటే భయం. తిండి సహించడం లేదు. ఈ ఉత్తరం విచారణ చేసేవాళ్లకి చూపించు.

నీ చెల్లెలు
సైమి

హర్మాసాలో, ఫిబ్రవరి 7

సైమీ,

రైమో గారికి జ్వరం దిగింది. "ట్రాక్టరు పోతే పోయింది, నా కొత్త బూట్లేవి?" అని నర్సుల్ని విసిగిస్తున్నారు. నువ్వు ముందు తిండి తిను.

నువ్వు రాసింది నాకు ఫోన్‌కి ముందే తెలుసు. మీ ఎడిటర్‌లో ఏ మార్పు ఎవరు చేశారో పేరుతో సహా అందరికీ కనబడుతుంది కదే. ఆ ప్రశ్న తీసేసిన చోట నీ పేరు చూశాను. కోపంతో రగిలిపోయాను. ఆ రోజు ఫోన్‌లో చెబుతావనుకున్న మాట నువ్వు చెప్పలేదు, అందుకే ఏడ్చాను.

ఇప్పుడు నాది విను. రోడ్డు తెరిచేముందు వంద మీటర్లకొకచోట ఐసు తొలిచి కొలవాలి. ఆ రోజు గాలి కోసేస్తోంది. ఒడ్డు దగ్గర రెండు రంధ్రాలు తొలిచి, నీ పచ్చరంగు చూసుకుని, కొలతల పట్టికలో మిగతా గళ్లు ప్రోగ్రాం ఇచ్చిన అంకెలతోనే నింపేశాను. ఈ సంగతి ఎవరికీ తెలియదు. నీ ఉత్తరం చూపించి నాది దాచేద్దామా అని ఒక పూటంతా ఆలోచించాను కూడా.

దాచను. పదకొండున బస్సెక్కి వచ్చెయ్. ఆ విచారణ గదిలోకి ఒక్కదాన్నే వెళ్లడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

మీ అక్క
కెర్త్తు