పెరుగు దొరకనివాణ్ణి నేనే

కరుణా,

బాగున్నావా? నువ్వు వెళ్ళి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. చాపెల్ రోడ్డు పక్కన మన సందు మళ్ళీ తవ్వి వదిలేశారు. నేను కొన్నాళ్ళు వెళ్ళకపోయేసరికి చర్చి క్వయర్‌లో నా చోట ఇంకొకాయన పాడుతున్నాడు. అవన్నీ తర్వాత... ముందు ఆబిడ్స్ సంగతి చెప్పాలి.

శుక్రవారం సాయంత్రమైతే నేను క్వయర్‌కు, నువ్వు కామెడీకి. రిటైరైన లెక్కల టీచరు ఆబిడ్స్ సందులో మేడ మీది కాఫీ షాపుకు వెళ్ళి, కుర్రాళ్ళు మైకు పట్టుకుని చెప్పే జోకులు వింటుందంటే మా క్వయర్‌వాళ్ళు నమ్మేవారు కాదు. బాగా చెప్పినవాళ్ళ గురించి నువ్వు ఇంటికొచ్చి ఎప్పుడూ చెప్పలేదు. ఘోరంగా దెబ్బతిన్నవాళ్ళ గురించే చెప్పేదానివి.

"ఇయ్యాల ఒగడు మస్తు పడిండు ప్రసాద్. ఒక్కరు నవ్వలే. ఫ్యాన్ తిరిగే సప్పుడే. బోర్డు కాడికొచ్చి లెక్క మర్చిపోయిన పిల్లగాని తీరు నిలవడ్డడు."

ఆ మాట చెబుతూ చీర కొంగుతో కళ్ళు తుడుచుకునేదానివి. నవ్వా, ఏడుపా అది? ఎన్నడూ తేల్చుకోలేకపోయాను...

ఆ కార్యక్రమం నడిపే అమ్మాయి స్వప్న ఫోన్ చేసింది. "సార్, ఆంటీ కుర్చీ అట్లనే ఖాళీగ ఉంచినం. ఒక్కసారి రారాదు జర?" అంది. పోయిన శుక్రవారం వెళ్ళాను. ఎందుకంటావా? నేను లేకుండా నువ్వు గడిపిన సాయంత్రాలు ఎలాంటివో చూద్దామని.

రెండో వరసలో గోడ పక్క కుర్చీ. కూర్చున్నాను.

మొదటి కుర్రాడు ఖైరతాబాద్ వినాయకుడి మీద జోకు ఎత్తుకుని మధ్యలో మర్చిపోయాడు. అరచేతిలో రాసుకున్నది చూసుకున్నాడు. చెమటకు చెరిగిపోయింది. "మల్ల మొదలువెడ్త" అని మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగాడు. తర్వాతివాడు ఎవరూ నవ్వడం లేదని జనాన్నే తిట్టి దిగిపోయాడు. ఆ తర్వాత ఒకమ్మాయి. అసలు మాట చెప్పే సమయానికి కాఫీ మిషన్ బుస్సుమంది. రెండోసారి చెబితే అందరూ మర్యాదగా తలలూపారు. పాపం, ఆ మర్యాదకు ఆమె ముఖం ఎలా అయిపోయిందో చూడాల్సింది.

కిందికి దిగిన ప్రతివాళ్ళూ ఇటే చూశారు. నన్ను కాదు, కుర్చీని. ఒకడు దగ్గరికొచ్చి మరీ చెప్పాడు. నీ నవ్వు ముందు ముక్కులో మొదలవుతుందట, తర్వాత భుజాలు కదులుతాయట, ఆ తర్వాత బయటికి వస్తుందట. నాకు చెబుతున్నాడు కరుణా... నాకు!

ఒళ్ళు మండిపోయింది. జోకు చెప్పలేక చెమటలు కక్కేవాళ్ళను చూసి ఎవరైనా అసూయపడతారా? నేను పడ్డాను. ఇంట్లో నేను ఏదన్నా హాస్యమాడితే నీకు చిరునవ్వు వచ్చేది. ఆ భుజాలు కదిలే నవ్వంతా వీళ్ళు తీసుకున్నారు. పైగా వీళ్ళు ఈ వారం పడినా వచ్చే వారం మళ్ళీ వస్తారు.

చివర్లో రఘు వచ్చాడు. గౌలిగూడలో స్పేర్‌పార్టుల దుకాణంలో పనిచేస్తాడే, ముప్ఫై ఏళ్ళవాడు, అందరికంటే ఎక్కువసార్లు పడ్డవాడని నువ్వు చెప్పేదానివి, అతనే. మైకు పట్టుకుని, "మా టీచరాంటీ ఉండె" అన్నాడు. తర్వాత గొంతు మార్చాడు.

నీ గొంతు!

అచ్చం నువ్వే. 'స' పలికేటప్పుడు వచ్చే ఆ చిన్న ఈలతో సహా. నేను కళ్ళు మూసుకుంటే కూడా రాని గొంతు అతని నోట్లోంచి వస్తోంది. "ఏమండీ, పెరుగు ఫ్రిజ్జిలనే ఉన్నది... ఏమండీ, ముంగటనే ఉన్నది... ఏమండీ, అది మీ దిక్కే జూస్తున్నది!"

ఎవరూ నవ్వలేదు. నిన్ను ఎరగనివాళ్ళకు అందులో ఏముంది? అతను ఇంకో రెండుసార్లు 'ఏమండీ' అన్నాడు. ముందు వరసలోవాళ్ళు ఫోన్లు తీశారు.

నేను లేచి నిలబడ్డాను. ఎలా లేచానో తెలియదు.

"తప్పు! ఆమె ఏమండీ అనదు. పేరు వెట్టి పిలుస్తది!"

రఘు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "మీరెవరు సార్?"

"ఆ పెరుగు దొరకనోన్ని నేనే."

హాలు మొత్తం పగలబడి నవ్వింది. ఆ సాయంత్రానికి అదే మొదటి నవ్వు. "పైకి రాండ్రి అంకుల్" అని ఎవరో అరిచారు. ఎక్కాను. నీ గురించి వాళ్ళకేం తెలుసు, నేను చెబుతాను అనుకున్నాను.

ప్రసంగం మధ్యలో నువ్వు నిద్రపోయి, "మీలో పాపి ఎవరు?" అని పాస్టరుగారు అడగగానే ఉలిక్కిపడి లేచి "ఆమెన్" అని అరిచిన సంగతి ఎత్తుకున్నాను. మన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం కదా... అయితే అది ఎప్పుడూ చెప్పింది నువ్వు. నేను ఏ పాస్టరుగారో చెప్పాను, ఆయన ఏ ఊరినుంచి వచ్చారో చెప్పాను, ఆ రోజు మన పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పాను. 'ఆమెన్' దాకా వచ్చేసరికి ఫ్యాన్ చప్పుడు వినిపించింది. "గంతే" అని మైకు ఇచ్చేశాను.

నువ్వుంటే నవ్వేదానివా? ముక్కులో మొదలయ్యేదా?

మెట్ల దగ్గర రఘు నాకోసం ఆగాడు. "మస్తు పడ్డరు సార్" అన్నాడు, అదేదో మెచ్చుకోలన్నట్టు. ఇద్దరం నాంపల్లి వైపు నడిచాం. నేను ఉండబట్టలేక అడిగాను, నా గురించి ఇంకేం చెప్పిందని.

"శాన చెప్పింది సార్. నేను ఆంటీని సూడ దవాఖానకు వచ్చినప్పుడు గూడ చెప్పింది. మీరు మందులకు కిందికి వోయిన్రు అప్పుడు. ఒకటి మాత్రం స్టేజి మీద చెప్పొద్దన్నది. మాటిచ్చిన."

"స్టేజి మీద వద్దన్నది. నాకు చెప్పొద్దనలే గద?"

అతను ఆలోచనలో పడి స్టేషన్ ముందు ఆటోల మధ్య ఆగిపోయాడు. "అది అడగలే సార్ నేను. సోంచాయిస్త. మీరు వస్తుండుండ్రి. ఆంటీది ఒకటి మీరు చెప్పుండ్రి, ఒకటి నేను చెప్త. ఆ మాట ఆఖరుకు."

ఏం చెప్పావు అతనికి? మంచిదా, చెడ్డదా? నాకు చెప్పలేనిది స్పేర్‌పార్టులు అమ్మేవాడికి ఎందుకు చెప్పావు? వారమంతా అదే ఆలోచన. అన్నం వండుకుంటూ కూడా అదే. నిజం చెప్పనా, నీ మీద కోపమొచ్చి ఎన్నాళ్ళయిందో... హాయిగా కూడా ఉంది.

రేపు శుక్రవారం. వెళ్తాను. మళ్ళీ పడమంటే పడతాను. అతనికి నీది ఏదో ఒకటి ఇవ్వక తప్పదు. తలనొప్పికి బుగ్గన లవంగం పెట్టుకునేదానివని చెబుతాను. టీవీలో క్రికెటర్లను పేరుపేరునా మందలించేదానివని చెబుతాను.

మన పెళ్ళయిన కొత్తలో, నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో, కరెంటు పోయి జెయింట్ వీల్ పైన ఆగినప్పుడు, కింద నాంపల్లి అంతా చీకట్లో ఉండగా, నువ్వు నా చెవిలో అన్న మాట మాత్రం ఇవ్వను. నీ రహస్యం మొత్తం విప్పి చెప్పినా సరే, ఇవ్వను.

నీ
ప్రసాద్