రెండంగుళాలు చాలని తీగలు

పగలు కుట్టుమిషన్లు బాగుచేస్తూ, సాయంత్రాలు డాన్సు హాల్లో బేస్ గిటారు వాయిస్తూ అరవై తొమ్మిదేళ్లకు చేరుకున్న నేను, అనగా ఈ వీధిలో అందరూ మాస్టారు అని పిలిచేవాణ్ణి, నా బుద్ధి సరిగానే ఉందనీ, చెవులు అంతకంటే సరిగా ఉన్నాయనీ ఇందుమూలంగా తెలియజేస్తూ, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో నా ఇష్టపూర్వకంగా రాస్తున్నాను. ఎవరి బలవంతమూ లేదు. అసూయ ఒక్కటే పక్కన కూర్చుని ఉంది. అది బలవంతం కిందికి వస్తుందా అని దస్తావేజులు రాసే మిత్రుణ్ణి అడిగాను. రాదన్నాడు, కానీ నవ్వాడు.

1. మేడ మీది రెండు గదులు, వాటిలోని సామాను నా భార్యకు సర్వహక్కులతో చెందవలసినవి. వంటగది కిటికీ రెక్క బిగుసుకుపోతే కింద అంచున కొవ్వొత్తి రుద్దాలి, సుత్తితో కొట్టకూడదు. క్యాసెట్ ప్లేయరు కూడా ఆవిడదే. పదేళ్ల కిందట ప్లేయరు మింగేసిందని నేను చెప్పిన క్యాసెట్టును ప్లేయరు మింగలేదు. అది బట్టల బీరువా వెనక, గోడ వైపు ఉంది. అందులో వాయించింది ఆవిడ తమ్ముడు. కూరలు తరుగుతూ ఆవిడ ఆ క్యాసెట్టు పెట్టుకుని తల ఊపుతుంటే నేను చూడలేకపోయాను. నేను వాయించిన క్యాసెట్లు ఇంట్లో పదకొండున్నాయి. వాటికి ఆవిడ తల ఊపగా నేను చూడలేదు.

2. కుట్టుమిషన్ల షాపు, పనిముట్లు, సూదుల పెట్టెలు నా కూతురికి. నాలుగేళ్లుగా షాపు నడుపుతున్నది అదే. నేను ఊరికే కుర్చీలో కూర్చుని సలహాలు చెబుతున్నాను, అది వింటున్నట్టు నటిస్తోంది. ఈ అంశంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

3. ఈ వీలునామాను అమలు జరపవలసిన బాధ్యత మా బృందంలో డ్రమ్ములు వాయించే దరువుగారిది. పని చెబితే మరిచిపోతాడు గానీ లెక్క తప్పడు. నా ఆంప్లిఫయరు ఆయనకు. దాని మీద టీ గ్లాసు పెట్టిన మచ్చ ఆయనదే కనుక మచ్చ సహితంగా తీసుకోవలసినది.

4. మా పాటగాడికి, నేను హాల్లో కూర్చునే ఎత్తు స్టూలు. ఒక కాలు పొట్టి, కింద అట్టముక్క పెట్టుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట అందరి ముందూ, "మాస్టారూ, మీరు కాస్త తగ్గి వాయించండి, మీ బావమరిది చూడండి ఎంత ఒద్దికగా వాయిస్తాడో" అన్నది ఈయనే. ఆ వారమే శనివారం పూట నాకిచ్చే చోటు వాడికి ఇచ్చాడు. నాకు ఆదివారం మిగిలింది. అట్టముక్క నేను ఇవ్వను. ఆయనే వెతుక్కోవలసినది.

5. ఇప్పుడు నా బావమరిది సంగతి. ఇది ఆస్తి కాదు, కానీ ఇది రాయకపోతే పైవన్నీ రాసి లాభం లేదు.

వాడికి బేస్ పట్టుకోవడం నేర్పింది నేనే. ఇరవై ఆరేళ్ల కిందట మొదటి గిటారు కొనుక్కుని నన్ను తీగల షాపుకు తీసుకెళ్లాడు. గాజు అరలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి నేను వాడే రకం. గుండ్రటి వైరు చుట్టినది, గరుకుగా ఉంటుంది, మీటితే ఖంగుమని హాలు చివరిదాకా వినబడుతుంది. రెండోది ఫ్లాట్‌వౌండ్. బల్లపరుపు పట్టీ చుట్టిన నున్నటి తీగ. వేలు జారినా చప్పుడుండదు, మీటితే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు దుమ్ అని మోగుతుంది. షాపు యజమాని ఆ రకాన్ని ఎవరూ అడగడం లేదని అరలో కింద పెట్టాడు.

"బావా, ఏది మంచిదో నాకేం తెలుసు, నువ్వే ఎంచి పెట్టు," అన్నాడు వాడు.

అప్పటికి వాడు నా దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు నెలలే. కానీ వాడి చెయ్యి ఎటు పోతోందో నాకు అర్థమైపోయింది. వంగి, కింది అరలోంచి నున్నవి తీసి ఇచ్చాను. ఇవే మంచివి, వీటిని ఏళ్ల తరబడి మార్చనక్కర్లేదు అన్నాను. రెండోమాట నిజమే. మొదటిమాట నేను నమ్మి అనలేదు. వాడు ఎవరికీ వినబడకూడదని ఎంచాను.

తీరా ఏమైంది? ఆ దుమ్ అనే మోత పాటగాడి గొంతు కింద పరిచినట్టు ఒదిగింది. హాల్లో జనం ఎందుకో తెలియకుండానే నేల మీద అడుగు వేశారు. వాడు ఆ తీగలు మార్చలేదు. ఇరవై మూడేళ్ల చేతి చెమట పట్టి అవి ఇంకా మెత్తబడ్డాయి. నేను నెలకోసారి కొత్త తీగలు వేసి మోగుతూనే ఉన్నాను, ఎవరూ తిరిగి చూడలేదు.

మూడేళ్ల కిందట వాడి మణికట్టుకు ఆపరేషన్ అయింది. రెండు నెలలు గిటారు మా ఇంట్లో పెట్టమన్నాడు. నేను ఆ నాలుగు తీగలూ విప్పి, వాటి చోట నా రకం కొత్తవి వేసి, తుడిచి, మెరిపించి తిరిగి ఇచ్చాను. పాతవి దాచుకున్నాను. దొంగతనం అనే మాట వాడడం ఇదే మొదటిసారి, ఇంతవరకు నాలో నేను కూడా అనుకోలేదు.

దాచుకుని ఏం బాగుపడ్డాను? నా గిటారుకు తీగ వీపు వైపు నుంచి చెక్కలోంచి దూరి రావాలి. వాడిది అలా కాదు, తీగ పైనుంచే మొదలవుతుంది. వాడి గిటారు తల మీద తీగ బిగించే మరకు సరిపడా కత్తిరించిన తీగ నా మరను చేరడానికి రెండంగుళాలు చాలలేదు. కత్తిరించే ముందు కొలవండి అని ముప్పై ఏళ్లు అందరికీ చెప్పినవాణ్ణి. తలుపు గడియ పెట్టుకుని లావు తీగను పట్టి లాగుతూ పొద్దంతా కూర్చున్నాను. తీగ సాగలేదు.

కొత్త తీగలతో వాడు హాల్లో కూర్చుంటే ఖంగుఖంగుమని మోగింది. మణికట్టు పోయింది పాపం అన్నారు జనం. వాడు నా దగ్గరికి వచ్చి, పాతబడ్డాయని మార్చినట్టున్నావు, మంచి పని చేశావు, కానీ మళ్ళీ నువ్వే ఎంచి పెట్టు బావా, ఆ పాతవే దొరికితే మరీ మంచిది అన్నాడు. చూద్దాం అన్నాను. మూడేళ్లుగా చూద్దాం అంటూనే ఉన్నాను. ఈ నెలాఖరుకి హాల్లో మానేస్తున్నానని వాడు తన అక్కతో చెప్పాడట. ఆవిడ నాకు చెబుతూ కళ్లు తుడుచుకుంది. నాకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. అది చూసుకునే ఈ కాగితం తీశాను.

6. మిషను సూదుల రేకు డబ్బాలో ఉన్న నాలుగు పాత తీగలు నా తదనంతరం నా బావమరిదికి చెందవలసినవి.

ఈ ఆరో అంశం ఈ ఉదయం రద్దు చేశాను. కారణం ఏమిటంటే, వీలునామా కింద ఏదైనా పొందేవాడు సాక్షి సంతకం పెడితే వాడికి రాసింది చెల్లదని దస్తావేజుల మిత్రుడు మొదట్లోనే చెప్పాడు. ఆ మాట నాకు తెగ నచ్చింది. వెంటనే ఒకటో సాక్షిగా బావమరిది పేరే రాసేశాను. మా ఆవిడ ఎంత పట్టుబట్టినా నా వస్తువు ఒక్కటీ వాడి చేతికి పోకూడదని నా ఎత్తు. తీరా ఆరో అంశం రాశాక చూస్తే నా ఎత్తు నాకే అడ్డం తిరిగింది. సాక్షిని మార్చవచ్చు. కానీ నేను పోయేదాకా వాడు హాల్లో ఉండడు, అప్పుడు ఆ తీగలు ఎందుకు?

పొద్దున్నే డబ్బా పట్టుకుని వాడింటికి వెళ్లాను. ఐదో అంశం, దొంగతనం అనే మాట దాకా చదివి వినిపించి ఆగాను. వాడు మూత తీసి చూశాడు.

"నీ గిటారుకి రెండంగుళాలు చాలి ఉండవు కదా బావా," అన్నాడు.

అంతే అన్నాడు. మూడేళ్లుగా వాడికి తెలుసు. కొలవమని వాడికి నేర్పింది నేనే కదా. పాత వంపులు పాత మరల మీద పడేలా నాలుగూ ఎక్కించి, సరిచేసి, లావు తీగను ఒక్కసారి మీటాడు. మణికట్టుకు ఏమీ కాలేదు. గోడ పక్కన కూర్చున్న నాకు అసూయతో కడుపు మండిపోయింది, మునుపటిలాగే. ఊరుకోవడంలో కూడా వీడు నాకంటే మెరుగే అని ఇంకొంచెం మండింది.

7. చివరిది. వాడింటి నుంచి నేరుగా షాపుకు వెళ్లి, నా గిటారుకు సరిపడా పొడవున్నవి అడిగి, ఒక జత ఫ్లాట్‌వౌండ్ తీగలు కొన్నాను. ఈసారి అవి మంచివని నమ్మి ఎంచాను. మధ్యాహ్నం వేసుకున్నాను. ఇంకా బిగువుగానే ఉన్నాయి, వేళ్లకు ఎదురు తిరుగుతున్నాయి. అవి మెత్తబడేదాకా నేను ఉండను.

కనుక నా బేస్ గిటారు, ఆ తీగల సహితంగా, నా కూతురికి. అది రహస్యంగా నా గిటారు తీసి మీటడం నాకు వినబడుతూనే ఉంది. షరతు ఒకటే, తీగలు మార్చకూడదు. నేర్చుకోవాలనుకుంటే మేనమామ దగ్గరే నేర్చుకోవలసినది. ఇది వాడికి ఇచ్చే ఆస్తి కిందికి రాదని, పని కిందికి వస్తుందని దస్తావేజుల మిత్రుడు ఒప్పుకున్నాడు. పై అంశాలన్నీ రెండు రోజుల్లో రాశాను. మేనమామ దగ్గర అనే మాట రాయడానికి ఈ సాయంత్రమంతా పట్టింది.

ఇది నేను రాసుకున్న మొదటి వీలునామా, చివరిది కూడా. దీనిలోని ప్రతి అక్షరం నాదే, కొట్టివేతలతో సహా.

తేదీ: పద్నాలుగు మార్చి, రెండువేల పంతొమ్మిది, గురువారం.

సంతకం: మాస్టారు

సాక్షులు:

ఒకటి: బావమరిది. ఈ వీలునామా కింద ఏమీ పొందనివాడు. పొందవలసినది ఈ ఉదయం నా చేతుల మీదుగా పొందినవాడు.

రెండు: తీగల షాపు యజమాని. ఇరవై ఆరేళ్ల కిందట కింది అరలోకి వంగుతుంటే నా ముఖం చూసినవాడు.