తమ లెక్కలో నేను ధనవంతుడినైన వైనం

ఫీజు రాయితీల విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మన డబ్బు విలువ పడిపోవుటను నా జీతము పెరుగుటగా భావించి, నర్సింగు చివరి సంవత్సరము చదువుచున్న నా భార్యకు ఫీజు రాయితీ రద్దు చేసి, హాల్ టికెట్టు నిలిపివేయుట – అభ్యంతరము తెలుపుట – తక్షణము ఇప్పించవలసినదిగా కోరుట – గురించి.

సూచిక: తమ కార్యాలయపు మెమో. నంబరు తెలియదు. రబ్బరు స్టాంపు సరిగ్గా దాని మీదనే పడినది.

పై విద్యార్థిని భర్తనగు నేను, బతుకుతెరువు నిమిత్తము పరాయి దేశములో లిఫ్టులు బాగుచేయు పనిలో ఉన్నాను. ఈ అర్జీని ఇక్కడ చేతితో వ్రాసి, ఫోనులో ఫొటో తీసి పంపగా, నా భార్య అచ్చు తీయించి స్వయముగా తమ చేతికి ఇచ్చుచున్నది. టపాలో వేయవచ్చును గానీ, ఇదివరకు వేసిన రెండు అర్జీలు తమ వరకు రాలేదని తమ గుమాస్తా గారే సెలవిచ్చి ఉన్నారు.

"కుటుంబ ఆదాయము గణనీయముగా పెరిగినందున రాయితీ రద్దు చేయడమైనది. ఇంతవరకు పొందిన మొత్తము తిరిగి చెల్లించునంతవరకు హాల్ టికెట్టు ఇవ్వబడదు" అని తమ మెమోలో ఉన్నది. పరీక్ష వచ్చే సోమవారము. కావున నా అభ్యంతరాలు దిగువ మనవి చేయుచున్నాను. మనవి అని అలవాటు కొద్దీ వ్రాసితిని. దెబ్బలాట అని చదువుకున్నా తప్పు లేదు.

1. నేను ఈ దేశము వచ్చిననాడు నా నెల జీతము ఎంతయో నేటికీ అంతే. కంపెనీ వారి జీతపు చీటీలన్నీ జతపరచడమైనది. వాటిలో మారినది నెల పేరు ఒక్కటే. మధ్యలో ఒకసారి పెంచమని అడిగితే మా సూపర్‌వైజరు, "మీ డబ్బు పడిపోయిందటగా, ఇంటికి పంపితే ఇప్పుడు ఎక్కువే వస్తోంది. ఇంకేం పెంచమంటావ్?" అన్నాడు. మారకపు రేటు పేరు చెప్పి ఇక్కడ ఆయన పెంచడం మానేశాడు. అదే రేటు పేరు చెప్పి అక్కడ తమరు కోయడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారా అని నాకొక అనుమానం.

అయ్యా, మా పనిలో ఇలాంటిది తరచూ చూస్తుంటాము. లిఫ్టులో నంబరు చూపించే బోర్డు పాడైపోతుంది. ఏడో అంతస్తు అని వెలుగుతూ ఉంటుంది, తలుపు తీస్తే ఎదురుగా వాచ్‌మన్ కుర్చీయే ఉంటుంది. అప్పుడు మేము బోర్డు బాగుచేస్తాము. లోపలున్న మనిషిని పట్టుకుని, ఏడంతస్తులు ఎక్కినందుకు డబ్బు కట్టమని అడగము.

2. తమ విచారణ ఉద్యోగి నా భార్య బ్యాంకు పుస్తకములో ఒక నెల జమను చూసి, దానిని పన్నెండుతో హెచ్చవేసి, అది మా సంవత్సరపు ఆదాయమని తేల్చినారు. ఆ నెల జమ పెద్దది. కాదనను. ఎందుకు పెద్దదో ఆయన అడగలేదు గనుక నేను చెప్పుచున్నాను.

మా గదిలో ఆరుగురం ఉంటాము. అందులో పెద్దాయన డ్రైవరు. ఆయనను రేటు బాబాయ్ అంటాము. పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే ఫోనులో రేటు చూసి గది మొత్తానికీ వినిపిస్తాడు. ఆయన చెప్పందే మాలో ఒక్కడూ ఇంటికి డబ్బు పంపడు. మన డబ్బు పడిపోతే మాకు చేతికి నాలుగు రాళ్లు ఎక్కువొస్తాయి కదా, అందుకని పడే దాకా కాచుకుని కూర్చుంటాము. పుట్టి పెరిగిన దేశపు డబ్బు పడిపోవాలని పొద్దున్నే కోరుకునే బతుకు ఎవరికీ వద్దు. కానీ కోరుకున్నాము.

"ఇంకా పడేలా ఉంది, ఆగండ్రా" అన్నాడు బాబాయ్. ఆగాము. ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు. అవతల నా భార్య ఫోను చేసి, "గ్యాసు అయిపోయింది, పక్కింటావిడ దగ్గర రెండోసారి చెయ్యి చాచాను. మీ రేటు ఎప్పుడు పండుతుంది?" అని అడిగింది.

"ఇంకొక్క వారం ఆగు" అన్నాను.

"ఎక్కడ పడితే అక్కడ ఆగడానికి నేనేమన్నా మీ లిఫ్టునా?" అని ఫోను పెట్టేసింది.

నాలుగో నెలలో బాబాయ్ మంచం మీద నుంచి దూకి "పడిందిరా, పంపండి!" అని కేకవేశాడు. ఆ రోజు మా గదిలో అందరూ నాలుగు నెలల జీతం ఒకేసారి పంపారు. నేనూ పంపాను. అందులో సగం పక్కింటావిడకూ కిరాణా కొట్టుకూ ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. తమ ఉద్యోగి కంటపడిన జమ అదే. దాని ముందరి మూడు నెలల్లో ఒక్క జమ కూడా లేదని అదే పేజీలోని తేదీలే చెబుతున్నవి. వాటి మీదుగా ఆయన వేలు ఎలా జారిపోయిందో ఆయనకే తెలియాలి. నాలుగు నెలల జీతాన్ని ఒక నెలది చేసి, దాన్ని పన్నెండుసార్లు వేస్తే, నేను ఏడాదికి నలభై ఎనిమిది నెలలు పనిచేసినట్టు. ఇక్కడి ఎండలో ఒక్కోసారి నాకూ అలాగే అనిపిస్తుంది గానీ, జీతం మాత్రం పన్నెండు నెలలకే ఇస్తున్నారు. వీటిని కాకిలెక్కలు అందామంటే కాకులు నొచ్చుకుంటాయి.

3. ఇక ఆ హెచ్చవేత చాలదన్నట్టు, నా జీతమును మన డబ్బులోకి మార్చి చూపుటకు తమ కార్యాలయము వారు వాడిన రేటు ఆ వారములో పేపరులో పడిన అన్నిటికన్న పెద్ద రేటు. పేపరులో రేటు అద్దంలో మూట. కనిపిస్తుంది, చేతికి రాదు. పంపే కౌంటరు వాడు తన రేటు ఒకటి చెబుతాడు, పైన చార్జీ అంటాడు, అక్కడి బ్యాంకు వారు ఇంకొంత గిల్లుతారు. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు మిగిలిన నోట్లు మార్చుకోబోతే తక్కువ కట్టారు. తిరిగి వచ్చేటప్పుడు అదే కౌంటరులో, అదే మనిషి దగ్గర, ఆ నోట్లే కొనబోతే ఎక్కువ అడిగారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు. తమకు పేపరు రేటు మీద అంత నమ్మకముంటే, ఒక్కసారి ఆ రేటుకు నా జీతం తమరే కొనుక్కోవలసినదిగా కోరుచున్నాను.

పైగా మన డబ్బు పడిపోయిన నాడు పడిపోయింది నా భార్య సంచిలోని డబ్బు కూడా. గ్యాసు పెరిగింది. నూనె పెరిగింది. బస్సు చార్జీ పెరిగింది. రేటు పుణ్యమా అని ఈ చేత్తో వచ్చిన నాలుగు రాళ్లూ ఆ చేత్తో పోయాయి. రాకను లెక్క వేసిన కలము పోకను కూడా లెక్క వేయాలి కదా.

4. రెండేళ్ల కిందట ఇదంతా తిరగబడింది. మన డబ్బు బలపడిందని పేపర్లలో సంబరంగా వేశారు. ఆ ఏడాది మా ఇంటికి చేరింది బాగా తగ్గింది. నా భార్య చెవుల దుద్దులు తాకట్టుకు వెళ్లాయి. అప్పుడు తమ కార్యాలయము నుండి "ఆదాయము తగ్గినందున రాయితీ పెంచడమైనది" అని మెమో వస్తుందేమోనని నేను ఎదురుచూడలేదు. ఎదురుచూసేంత అమాయకుడిని కాను. కానీ రేటు ఎటు తిరిగినా తమరు మా మీదికే తిరగడం ఏమి న్యాయమని నిలదీసి అడుగుచున్నాను.

5. ఈ అంశము అన్నిటికన్న ముఖ్యమైనది. వ్రాయకూడదనుకున్నాను, వ్రాయక తప్పుట లేదు.

పోయిన మంగళవారము నా భార్య తమ కార్యాలయమునకు వచ్చి, మధ్యాహ్నము వరకు గుమ్మము పక్క బల్ల మీద కూర్చున్నది. తమ సెక్షను గుమాస్తా గారు పిలిచి ఫైలు తిరగేసి, మంచి మనసుతోనే అనుకుంటాను, ఒక సలహా ఇచ్చారట.

"చూడమ్మా, ఇదంతా తెగే వ్యవహారం కాదు. ఓ పని చెయ్యి. మీ ఆయన వదిలేశాడని ఓ కాగితం రాసిచ్చెయ్. ఒంటరి మహిళ కింద పెట్టేస్తా. ఆదాయం సున్నా అయిపోతుంది. రేపే హాల్ టికెట్టు."

"ఆయన వదల్లేదు కదండీ."

"అబ్బ, కాగితం మీదే కదమ్మా."

"మేం డబ్బున్నవాళ్లమైంది కూడా కాగితం మీదే కదండీ. ముందు దాన్ని కొట్టెయ్యండి."

గుమాస్తా గారు నవ్వి, ఆ కాగితానికి ఖాళీ నమూనా ఒకటి ఫైలులో పెట్టి, "ఆలోచించుకునిరా" అన్నారట. ఆ సాయంత్రం ఈ సంగతి నాకు ఫోనులో నవ్వుతూనే మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. అప్పుడు నేను లిఫ్టు పైకప్పు మీద కూర్చుని, చేతులకు గ్రీజుతో, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉన్నాను. కళ్లు తుడుచుకుందామంటే చేతులు పనికిరావు. అయ్యా, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఫీజు కోసం మొగుణ్ణి కొట్టివేయమనుట ఏ రూలు కింద వస్తుందో తెలియజేయ ప్రార్థన.

నేను నా భార్యను వదలలేదు. ఆమె ఆసుపత్రిలో ఆయాగా మంచాల కింద తుడుస్తూ ఉన్న రోజుల్లో, అక్కడి పెద్ద నర్సు "నువ్వు చదువుకోరాదూ, నీ చెయ్యి మెత్తన" అన్నందుకు, తన సగం వయసు పిల్లల మధ్యకు వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది. ఆ పిల్లలు ఆమెను అక్కా అంటారు, సూది ఎక్కడ గుచ్చాలో తెలియనప్పుడు ఆమెనే అడుగుతారు. ఆమె చదువు కోసమే నేను ఇక్కడ ఉన్నాను. దీన్ని వదిలేయడమని అంటారా?

పై కారణముల వలన, నా సంవత్సరపు జీతమును సంవత్సరపు జీతముగానే, మా చేతికి అందిన రేటుతోనే లెక్కించవలెను. మెమోను రద్దుపరచవలెను. ఫైలులోని ఆ ఖాళీ నమూనాను నా భార్య కళ్లెదుట చింపివేయవలెను. హాల్ టికెట్టు శనివారములోగా ఇప్పించవలెను. ఇది దయ చూపమని అడుగుట కాదు. రాయితీ మాకు రావలసినదే, ఎవరి జేబులోనుంచీ అడిగినది కాదు.

తీరికగా చిత్తగించవలెనని వ్రాయుట ఆనవాయితీ. తీరిక మాకు లేదు గనుక వెంటనే చిత్తగించవలెను.

ఈ అర్జీకి జవాబు వచ్చువరకు మాత్రమే
తమ విధేయుడు,
లిఫ్టు మెకానిక్కు, చివరి సంవత్సరం విద్యార్థిని భర్త
(సంతకం)

తా.క.: ఇది ముగించుచుండగా బాబాయ్ చెప్పాడు, ఈ ఉదయము మన డబ్బు కాస్త కోలుకున్నదట. అంటే తమ లెక్క ప్రకారం ఈ పూట మేము బీదవాళ్లమే. మళ్లీ ధనవంతులం కాకముందే సంతకం పెట్టగలరు.

(దిగువది వేరే చేతివ్రాత)

అయ్యా, పైన ఉన్నది మా ఆయన రాసింది. ఇది నేను రాస్తున్నాను. ఆయన ఒక సంగతి దాచారు, పరువు తక్కువనుకుని.

ఆయన కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతుంది. వచ్చేస్తున్నారు. నిన్న ఫోను చేసి, "వాళ్లడిగింది కట్టేద్దాం, నేను ఇంకో రెండేళ్లకి సంతకం పెట్టేస్తాను, నువ్వు పరీక్ష రాయి" అన్నారు. "పెట్టారంటే ఇక నేను ఫోనెత్తను" అన్నాను. తర్వాత, "సరే, అయితే అర్జీ రాస్తాను" అన్నారు.

మీరు కట్టమన్న డబ్బు మా దగ్గర ఉంది. ఆయన తిరిగి వచ్చి చిన్న రిపేరు కొట్టు పెట్టుకోవడానికి ఇన్నేళ్లూ ఒక్కో నోటూ దాచింది. కట్టగలం. కట్టం. మీ గుమాస్తా గారి కాగితం మీద సంతకమూ పెట్టను. ఇన్నేళ్లు వేరుగా ఉన్నది చాలు. అది వదిలేయడమేనని నా చేత్తో నేను రాసిచ్చేది లేదు.

సోమవారం పొద్దున యూనిఫాం వేసుకుని పరీక్ష హాలుకి వస్తాను. హాల్ టికెట్టు ఉన్నా వస్తాను, లేకపోయినా వస్తాను. ఆపాలనుకుంటే ఆపండి. కాకపోతే గుమాస్తా గారిని పంపకండి. మీరే రండి. ఎందుకు ఆపారో కాగితం మీద రాసి, ఈసారి మీరు సంతకం పెట్టండి.