సౌండ్ కార్డు కాలిపోయిందట

ఏవండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. మీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీ పాటలు విందామంటే కంప్యూటర్లోంచి చప్పుడే రాలేదు. చీరాలలో మూడు నెలల కోర్సు వెలగబెట్టిన మా తమ్ముడు వచ్చి, అవి చెవులకు తగిలించుకుని వీధంతా వినేలా అరిచాడు.

"సౌండ్ కార్డు కాలిపోయిందక్కా! ఫార్మాట్ కొట్టాలి!"

"కార్డు కాలితే ఫార్మాట్ ఎందుకురా, దద్దమ్మా?" అన్నాను. ఆ తెలివికి సర్టిఫికెట్ కూడానట!

వాణ్ణి టీ పెట్టమని వంటింట్లోకి తోలి నేనే కూర్చున్నాను. వాల్యూమ్ బొమ్మ నొక్కితే మ్యూట్ గడిలో టిక్కు కనిపించింది. మిరపకాయలు వేయించే ఘాటుకు తోడు మీ పాటల మోతకు తల పగిలిపోతోందని ఆ రోజు నేను కసురుకుంటే, మీరు అప్పటికప్పుడు పెట్టిన టిక్కు. ఆ తర్వాత కంప్యూటర్ ఎవరూ తెరవలేదు.

వాడు రాగానే "కార్డే పోయిందిలేరా" అన్నాను. ఆ వెధవ ఎంత మురిసిపోయాడో!

టిక్కు మాత్రం తీయలేదండీ.