తెర మీద రెండు బటన్లు

ఏళాయిరంపన్నై,
ఆడి నెల, 2008

జగన్నాథన్ మామకు మీ చెల్లెలు వెంకటమ్మాళ్ కూతురు దండం పెట్టి రాసేది. భోంచేస్తూ ఉన్నా సరే, చెయ్యి కడుక్కుని ముందు ఇది చదవండి.

నేను పనిచేసే శివకాశి ప్రెస్సు కంప్యూటర్‌కు వైరస్ పట్టింది. బాగుచేస్తానని నేనే ఇంటికి తెచ్చాను. దీపావళి పటాసు డబ్బాలకు వేసిన బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఇంటర్నెట్ వీడియోల్లో పాఠాలు చెప్పే ఒకాయన, విండోస్ బదులు లినక్స్ అనేది వేసుకుంటే వైరస్ బెడద ఉండదు, కొత్తవాళ్లకూ సులువే అన్నాడు. మనిషి మంచివాడే, కానీ నవ్వుతూ పాఠం పరుగెత్తిస్తాడు. ఏది నొక్కితే ఏం పోతుందో చెప్పనే లేదు.

సీడీ పెడితే ఏ భాష కావాలని అడిగింది. ఇంగ్లీషులో తెలుగు అని కనబడగానే, ఇంట్లో మాట్లాడేదే కదా అని సంబరంగా నొక్కేశాను. తెరంతా తెలుగు అక్షరాలైపోయింది. అమ్మను పిలిస్తే, "ఇదా మన తెలుగు? జాంగిరి చుట్టినట్టుండాదే! దీన్ని ఎవురు సదివేది?" అంది. తమిళ బడిలో చదివిన నాకూ రాదు. ఈ ఉత్తరం కూడా మన మాటను తమిళ అక్షరాల్లో రాస్తున్నదే కదా.

ఇప్పుడు తెర మీద రెండు బటన్లున్నాయి. ఒకటి అంతా చెరిపేస్తుందేమోనని భయం. ఆపేస్తే ఏమవుతుందోనని ఇంకా భయం. రేపు మా ఊళ్లో కరెంటు కోత. ప్రెస్సు ఓనరు, మా మొదలాళి, బొమ్మలు అడిగేదీ రేపే.

మీరు నెల్లూరులో తెలుగు చదివినవారు. బటన్ల మీది అక్షరాలను చూసినట్టే కింద గీశాను. చెరపనిదాని చుట్టూ సున్నా చుట్టి, ఈ ఉత్తరం తెచ్చిన కోవిల్‌పట్టి బస్సు కండక్టర్ చేతికే ఇచ్చి పంపండి.

మౌసు మీద గిన్నె బోర్లించి అమ్మను కాపలా పెట్టాను. ఆమె తెరతోనే మాట్లాడుతోంది మామా: "కొంచెం ఓర్చుకో తల్లీ, మా అన్న సదివి చెప్తాడు."