మంట లేని వంటిల్లు

చిన్నీ,

నువ్వు, పిల్లలు, నీ గిన్నెల కొట్టు అందరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీతో ఒక పని పడి రాస్తున్నాను. ఇకమీదట మా ఇంట్లో వంట లేదు. నవ్వకు. పచ్చి కూరలు, పళ్ళు, నానబెట్టిన గింజలు, మొలకలు, అంతే. ఒంటికి మంచిదని అందరూ అంటున్నారు. పొయ్యిని కింద వాటాలో ఉండే నర్సుకి ఇచ్చేశాను. గ్యాస్ సిలిండరు కూడా కిందికి దిగిపోయింది.

ఇప్పుడు నాకు సామాను కావాలి. నువ్వేమో రోజూ ఆ సామాను మధ్యనే కూర్చుంటావు. జ్యూసర్ లేకపోతే కుదరదా? కూరగాయలు ఎండబెట్టే మిషను ఒకటుందట, ధర వినగానే నాకు కళ్ళు తిరిగాయి. మొలకలకి ప్లాస్టిక్ డబ్బా మంచిదా, స్టీలుదా? మిక్సీ ఒక్కటి అక్కర్లేదు. మీ బావ తన మిక్సీ రిపేరు కొట్టు మూసేసినప్పుడు కొట్టులోంచి తెచ్చినది ఉంది. చవకగా ఉండేవి చెప్పు. వేడెక్కేది ఏదీ వద్దు. పెట్టి మర్చిపోతే అంటుకునేది ఏదీ వద్దు. ఆ సంగతి మటుకు మనసులో పెట్టుకో.

మీ బావ గొడవ చేస్తారనుకున్నాను. పొగలు కక్కకపోతే ముద్ద ముట్టని మనిషి కదా. "సరే" అన్నారు, అంతే. రెండు పూటలా కిమ్మనకుండా క్యారెట్లు నములుతున్నారు. ఆ చప్పుడు వింటుంటే నాకు నవ్వూ వస్తోంది, ఇంకేదో కూడా వస్తోంది. త్వరగా జవాబు రాయి.

నీ అక్క

---

చిన్నీ తల్లీ,

నీ ఉత్తరం అందింది. జ్యూసర్ దండగ, మిక్సీలో వేసి పల్చటి బట్టలో పిండుకో అన్నావు. ఎండబెట్టే మిషను జోలికి పోవద్దు, డాబా మీద జల్లెడ పెట్టి పైన వల కప్పు అన్నావు. మొలకలకి వెడల్పు మూతి గాజు సీసాలు చాలన్నావు. డబ్బు పెడితే ఒక్క మంచి కత్తి మీద పెట్టు, మొండి కత్తే వేళ్ళు కోస్తుంది అన్నావు. అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో ఆ ఒక్క ముక్క ఎందుకు రాశావు? "ఒంటికి మంచిదని పచ్చికూరలు తినేవాళ్ళని చాలామందిని చూశాను, పొయ్యి ఇచ్చేసినవాళ్ళని చూడలేదు. నిజం చెప్పక్కా." అది చదివి గాజు సీసా పట్టుకుని ఏడ్చాను.

నిజం చెప్తాను. ఎవరికీ చెప్పకు, నీ మొగుడికి కూడా.

ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేసి దిగేసరికి ఇల్లంతా గ్యాస్ వాసన. పొయ్యి తిప్పి ఉంది, మంట లేదు. మీ బావ ముందు గదిలో కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తున్నారు. పరిగెత్తి పొయ్యి ఆపి తలుపులన్నీ తీశాను. కొన్నాళ్ళకి కూరగాయలకని వెళ్ళి వచ్చేసరికి ఖాళీ గిన్నె మంట మీద ఎర్రగా కాలుతోంది. ఆ తర్వాత ఇంకోసారి. చిన్నీ, ఆ గిన్నె నేను పెట్టిన గుర్తు లేదు. పెట్టి మర్చిపోవడం ఎవరికైనా మామూలే. పెట్టిన సంగతే తుడిచిపెట్టుకుపోతే?

అమ్మకి ఎలా మొదలైందో మనకి తెలుసు కదా. మంచినీళ్ళ బిందెలో ఉప్పు పోసింది, మనం నవ్వాం. చివరికి నేను అన్నం కలిపి నోట్లో పెడుతుంటే, "ఎవరమ్మా నువ్వు, చాలా మంచిదానివి" అంది. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే నాకు అమ్మే కనిపిస్తోంది. గిన్నెలు తోముతూ ఇరవయ్యో ఎక్కం అప్పజెప్పుకుంటున్నాను. మధ్యలో ఎక్కడన్నా ఆగితే మళ్ళీ మొదట్నుంచి అందుకుంటాను. ఒకరోజు నేను బయటికెళ్ళినప్పుడు ఇల్లు అంటుకుంటుంది, లోపల ఈయన ఉంటారు. ఆ భయంతోనే పొయ్యి పంపించేశాను. ఒంటికి మంచిదీ లేదు, పాడూ లేదు.

"పొయ్యి ఆపడం మర్చిపోతున్నానండీ" అని ఒక్కసారి ఆయనతో అన్నాను. ఆయన నా వైపు చూసి తల దించుకున్నారు. అంత జాలిగా చూశారంటే ఆయనకీ అర్థమైపోయిందన్నమాట. డాక్టరు దగ్గరికి వెళ్ళను. పేరు పెట్టించుకుంటే అది నిజమైపోతుంది. సామాను పంపించు, చాలు.

అక్క

---

నా చిన్నీ,

పార్శిల్ అందింది. ఇంకా విప్పలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున కిందికి వెళ్ళాను. నర్సు డ్యూటీకి బయల్దేరుతోంది. మా దూరపు చుట్టం ఒకావిడకి మతిమరుపు అని కల్పించి, ఏం చెయ్యాలని అడుగుతున్నాను. పైన మా ఇంట్లో మిక్సీ మోగింది. జారులో ఏదన్నా ఉంటే వచ్చే మోత కాదది, ఖాళీగా తిరిగే కీచు. మిక్సీల వాడి పెళ్ళాన్ని, నాకా తేడా తెలియదా. మీ బావ జన్మలో వంటగదిలో చెయ్యి పెట్టరు. "నేను ఆన్ చేసి వచ్చానా?" అని నర్సునే అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసి, "మీరొచ్చి పావుగంటైంది, ఇప్పుడేగా మొదలైంది" అంది.

మెట్లన్నీ ఎలా ఎక్కానో నాకే తెలియదు. మీ బావ గట్టు ముందు నిలబడి రెండు చేతులతో మిక్సీ మూత అదిమిపట్టుకున్నారు. జారు ఖాళీ. మోటారు కాలిన వాసన. ఈ వీధిలో సగం ఇళ్ళ మిక్సీలు ఆయన చేతుల్లో పడి బాగైనవే, చిన్నీ. ఆ మనిషి నా వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా, "ఇది ఎలా ఆపాలి?" అన్నారు.

స్విచ్ ఆపాను. ఆయన్ని కింద కూర్చోబెట్టి పక్కనే కూర్చున్నాను. మెల్లగా చెప్పుకొచ్చారు.

"టీ పెట్టుకుందామని పొయ్యి తిప్పేవాణ్ణి. అగ్గిపెట్టె కోసం ఇవతలికొస్తే, ఎందుకొచ్చానో తెలిసేది కాదు. గిన్నె పెట్టి వెలిగించాక నీళ్ళ కోసం వచ్చినా అంతే. నువ్వొచ్చి కంగారుపడితే అప్పుడు తెలిసేది."

"నేనే మర్చిపోతున్నానని మీతో అన్నాను కదండీ. అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"భయమేసింది. నువ్వు పొయ్యి తీసేద్దామన్నాక ప్రాణం లేచొచ్చింది. ఇక ఎవరికీ తెలియదులే అనుకున్నాను."

కొట్టు మూసింది కూడా, మనందరికీ చెప్పినట్టు కళ్ళు ఆనక కాదట. బాగుచెయ్యడానికి విప్పిన మిక్సీని మళ్ళీ బిగించలేక, అలాగే మూటకట్టి ఇచ్చేశారట. ఆ సిగ్గుతో తాళం వేశారు.

నీకు తప్ప ఎవరికీ చెప్పలేని మాట ఒకటుంది. ఆయన చెప్తుండగానే, ఒక్క క్షణం, నా గుండె తేలికైపోయింది. నేను కాదు, నాకు రాలేదు అనుకున్నాను. పక్కన ఆయన ఏడుస్తున్నారు, నేను అలా అనుకున్నాను. ఆ తర్వాత ఆయన చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. నా మీద కోపం, ఆయన మీద కోపం. ఇన్నాళ్ళూ నన్ను ఆ భయంలో ఒంటరిగా వదిలేశాడే అని. నేనూ చెప్పలేదుగా అని మళ్ళీ నేనే సర్దుకున్నాను.

నర్సుకి నిజం చెప్తే, తన ఆసుపత్రిలో డాక్టరుతో మాట్లాడింది. మంగళవారం తీసుకెళ్తున్నాను. పేరు పెట్టించుకునే వస్తాం. అది ఏ పేరైనా సరే, తెలిస్తే కదా ఆయన్ని ఎలా కాసుకోవాలో తెలిసేది. పచ్చికూరలు మటుకు మానం, ఆయనకి క్యారెట్ రుచి పట్టుకుంది. నువ్వు పంపిన కత్తిని మాత్రం పైఅరలో పెట్టాలేమో, ఆలోచిస్తున్నాను.

మొన్నటిదాకా నేను ఆయన్ని మర్చిపోతానేమోనని భయం. ఇప్పుడు ఆయన నన్ను మర్చిపోతారని. నిజం చెప్పమన్నావు కదా, మొదటి భయమే నయంగా ఉండేది.

సామాను ఇక పంపకు. కొట్టుకి రెండు రోజులు తాళం వేసి నువ్వు రా. ఆయన నిన్ను గుర్తుపడుతుండగానే రా.

నీ రాక కోసం చూస్తూ,
అక్క