ఆ చరణం నాది

మే సొట్ (థాయ్‌లాండ్, బర్మా సరిహద్దు)
మే మొదటి ఆదివారం

ప్రియమైన ఖాంట్ అన్నకి,

నువ్వు విడుదలైన సంగతి మా పిన్ని ఫోన్‌లో చెప్పింది. పేరెత్తలేదు. "మీ పొడుగాయన ఇంటికొచ్చాడట, బాగా చిక్కిపోయాడట" అంది. ఫోన్‌లో అంతకంటే మాట్లాడకూడదు కదా. అందుకే కాగితం మీద రాస్తున్నాను. లుంగీల బేరం చేసే మ్యింట్ అత్త సరిహద్దు నది దాటి ఇటూ అటూ తిరుగుతుంటుంది. దారిలో సైనికులు ఫోన్లు తెరిచి చూస్తారు గాని ఊరవేసిన టీ ఆకు పొట్లాలు విప్పరట. ఈ కాగితానికి నూనె అంటితే ఏమనుకోకు.

మూడేళ్ళుగా ఈ ఉత్తరం మనసులో రాసుకుంటూనే ఉన్నాను. జైలుకి రాస్తే ముందు వాళ్ళు చదువుతారు. ఇప్పుడు నువ్వొక్కడివే చదువుతావు కాబట్టి సూటిగా చెప్పేస్తున్నాను. ఆ రోజు నాకు గొంతు నొప్పి లేదు.

సైన్యం గద్దెనెక్కిన రెండో నెల. మీ ఇంటి బట్టల బీరువాలో, చప్పుడు బయటికి పోకుండా దుప్పట్లు వేలాడదీసి, పాట రికార్డు చేశాం. మొదటి రెండు చరణాలు నీవి. మూడోది నాది. "నీ భుజాన నక్షత్రాలెన్నో చూసుకో సేనాపతీ, మా రేకుల కప్పుకి చిల్లులూ అన్నే." వారం రోజులు కూర్చుని రాసుకున్న చరణం అది. నేనే పాడాలి. ఆ పొద్దున మీ ఇంటికొస్తుంటే వంతెన మీద లారీ నిండా సైనికులు కనిపించారు. వాళ్ళలో ఒకడు నాకేసి ఊరికే చూశాడు, అంతే. మీ ఇంటికొచ్చేసరికి ఆ చరణం పాడే ధైర్యం పోయింది. గొంతు బాగాలేదన్నాను. నువ్వేమీ అడగలేదు. "సరే, నేను కానిచ్చేస్తాలే" అని నా చరణం కూడా నువ్వే పాడేశావు.

పందొమ్మిది రోజుల తర్వాత నిన్ను పట్టుకుపోయారు. మరునాడే నేను కూరగాయల లారీ ఎక్కి ఊరు దాటేశాను. ఆ వారంలోనే మా ఇంటికి సీలు వేశారు. అమ్మని పదకొండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టారు. ఇదంతా నేను రాసి, నీ నోట పలికించిన ఒక్క చరణం వల్ల.

ఇక్కడ బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. కుట్టిన చొక్కాలకి వేలాడే దారాలు కత్తిరించాలి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉండాలి. మనవాళ్ళు నన్ను "ఖాంట్‌తో పాడిన పిల్ల" అని నలుగురికీ చూపిస్తారు. శరణార్థుల కోసం చందాల కచేరీ పెట్టి ఒక్క పాట పాడమంటారు. గొంతు బాగాలేదంటాను. మూడేళ్ళుగా నా గొంతు బాగాలేదు.

ఇక రాయకూడదని నిర్ణయించుకున్నాను. నా నోటుపుస్తకాలు మూడూ పక్క గది అమ్మాయికి ఇచ్చేశాను. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, ఆమె ఇంగ్లీషు పాఠాలు రాసుకుంటుంది. నాకు బాధనిపించలేదు. అలసట తప్ప ఈమధ్య ఏదీ అనిపించడం లేదు. నువ్వు తిట్టాలని ఉంటే తిట్టు. తిట్టకుండా మంచిగా రాస్తే మాత్రం తట్టుకోలేను.

నీ చెల్లెలు,
థూజా


దక్షిణ ఓక్కలాప, యాంగూన్
మే 16

చెల్లీ థూజా,

పొట్లం మా అమ్మ చేతికి చిక్కింది. టీ ఆకు సలాడ్ కలిపేసి, కాగితం ఎండలో ఆరబెట్టి నాకిచ్చింది. సలాడ్ బాగుంది.

నీ గొంతు నొప్పి అబద్ధమని నాకు ఆ రోజే తెలుసు. గొంతు నొప్పన్నదానివి ఐసు వేసిన చెరుకు రసం రెండు గ్లాసులు తాగావు. ఇంకో సంగతి కూడా ఒప్పుకుంటాను. పాట మొత్తంలో అదే మంచి చరణం. నేను పాడాలని నాకూ ఆశగా ఉండింది. అందుకే ఏమీ అడగలేదు.

అసలు నన్ను పట్టుకున్నది పాట కోసం కాదు. సమ్మె చేస్తున్న రైల్వే వాళ్ళ క్వార్టర్లకి బియ్యం, గుడ్లు మోసుకెళ్తుంటే మన వీధివాళ్ళెవరో చెప్పేశారు. మన పాట సైన్యం వాళ్ళెవరూ వినలేదు. నీ చరణం దేశాన్ని కుదిపేసిందని మూడేళ్ళు కుమిలిపోయావు, పాపం. వాళ్ళకి గుడ్ల మీదే కోపం.

పాట నా ఫోన్‌లో మూడో రోజున దొరికింది. నన్ను విచారించే ఆఫీసరు చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. "ఏంట్రా ఈ గోల, ఒక్క ముక్క అర్థం కాలేదు. మెల్లగా చెప్పు" అన్నాడు. పదం పదం విడదీసి అప్పజెప్పాను. గుమాస్తా రాసుకున్నాడు. ఆఫీసరు మూడో చరణం దగ్గర ఆపి, ఇది ఎవరు రాశారని అడిగాడు.

నేనే అంటే సరిపోయేది. అంతకంటే తేలికైన అబద్ధం ఉండదు. నేను "థూజా" అన్నాను. మీ వీధి పేరూ ఇంటి నంబరూ కూడా చెప్పాను. అవి అతను అడగను కూడా లేదు.

ఆ మూడు రోజులు నన్నేం చేశారో రాయను. రాస్తే సాకులు చెప్పినట్టుంటుంది. నువ్వు అప్పటికే దాటిపోయావని నాకు తెలియదు. ఇంట్లోనే ఉంటావనుకున్నాను. ఉంటావనుకునే చెప్పాను. నువ్వు లేకపోబట్టి మీ అమ్మని తీసుకెళ్ళారు. జైలు నుంచి బయటికొచ్చాక ఈ మాట ఆవిడ కాళ్ళ మీద పడి చెబుదామనుకున్నాను. ఆవిడ ఊళ్ళో లేదు, మీ పిన్నితో ప్యే ఊరికి వెళ్ళిపోయిందన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, అదీ నా సంగతి.

ఇక నేను పాడలేను. ముందు పళ్ళు మూడు పోయాయి, మాటలో గాలి పోతుంది. మామయ్య సైకిల్ షాపులో పంక్చర్లు వేస్తున్నాను. పోయిన వారం వార్డు ఆఫీసులో సైన్యంలో బలవంతంగా చేర్చుకునేవాళ్ళ జాబితా అంటించారు. నాకు ఇరవై తొమ్మిది, నా పేరూ ఉంది. చీటీ తీసి వంతులవారీగా పిలుస్తారట. అమ్మ రోజూ నిన్ను గుర్తుచేస్తోంది. మే సొట్ వెళ్ళిపో, ఆ పిల్ల ఉందిగా అంటోంది. ఏ మొహం పెట్టుకుని రాను?

నీ నోటుపుస్తకాలు వెనక్కి తీసుకో. నన్ను వదిలెయ్.

ఖాంట్


మే సొట్
మే 27

ఖాంట్ అన్నకి,

నీ ఉత్తరం ఒక్కసారే చదివాను. రెండోసారి చదవడానికి మనసొప్పలేదు. రెండు రోజులు ఫ్యాక్టరీకి వెళ్ళలేదు. నిన్న మా అమ్మకి ఫోన్ చేశాను. ఏది మాట్లాడొచ్చో ఏది మాట్లాడకూడదో అన్నీ మర్చిపోయి, నా పేరు ఎవరు చెప్పారో నీకు తెలుసా అని అడిగేశాను.

అమ్మ తెలుసంది. స్టేషన్‌కి తీసుకెళ్ళిన మొదటి రోజే వాళ్ళు నవ్వుతూ చెప్పారట. నాకెందుకు చెప్పలేదంటే, "చెబితే నువ్వు వాణ్ణి వదిలేస్తావు. జైల్లో ఉన్నవాణ్ణి బయట ఎవరో ఒకరు తలుచుకోవాలి కదే" అంది. పదకొండు రోజులూ కటకటాల వెనక నీ గొంతు ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గి కూర్చుందట. నువ్వు బతికున్నావో లేదో తెలియక. నీ పళ్ళ సంగతి చెబితే, నిన్న నన్నడిగిన చివరి మాట, "పళ్ళు లేకుండా ఏం నములుతున్నాడు" అని.

అమ్మ మంచిది. నేను కాదు. నేనింట్లో ఉంటాననుకునే నా పేరు చెప్పానని రాశావు చూడు, ఆ వాక్యం నాకు గొంతు దిగడం లేదు. నిన్ను క్షమించానని రాయలేను, రాస్తే అబద్ధమవుతుంది. మన మధ్య ఒక అబద్ధం చాలు.

అయినా వాళ్ళు నీ చేతికి తుపాకీ ఇచ్చి మనవాళ్ళ మీదికి పంపితే చూస్తూ కూర్చోలేను. మ్యింట్ అత్త వచ్చే బుధవారం అక్కణ్ణుంచి ఇటు తిరిగొస్తుంది. ఆమెతో మాట్లాడాను, నిన్ను లుంగీల మూటలు మోసే మనిషిగా చూపిస్తుంది. సైకిల్ షాపుకే వస్తుంది. గడ్డం తీసెయ్. నీ చేతి మీది పచ్చబొట్టు కనిపించకుండా నిండు చేతుల చొక్కా వేసుకో. జూన్ ముదిరితే నది పొంగుతుంది, పడవలు ఆపేస్తారు.

నీ మీద నాకు చాలా కోపం ఉంది. ఎంత ఉందో ఉత్తరంలో పట్టదు. వచ్చి ఎదురుగా కూర్చుంటే మొత్తం తిడతాను.

థూజా